మెడలో గొట్టం, మూడు తోకలు, మేం చెప్పిన ఒక అబద్ధం



కొంచెం పెద్ద పోస్టు ఇది. ఓపిగ్గా చివరిదాకా చదవండి. రాస్తున్నది ఒక్కరమే అయినా జరిగింది ముగ్గురికి, తప్పు చేసింది కూడా ముగ్గురం. అందుకే "మేం" అనే రాస్తున్నాం.

మా ముగ్గురి ఇళ్ళల్లోనూ కాలేజీ గడప తొక్కింది మేమే మొదలు. ఒకడిది కువి మాట్లాడే ఊరు. మిగతా ఇద్దరివి ఆదివాసీ ఒడియా మాట్లాడే ఊళ్ళు. సెలవులకి ఇంటికెళ్తే చూరులో దోపిన కాగితాలన్నీ మా ముందు పెడతారు. పోడు పట్టా కాగితం, బ్యాంకు కాగితం, ఆసుపత్రి చీటీ. "చదువుకున్నోడు వచ్చాడు, చెప్తాడు" అంటారు. మేమూ చదివి చెప్పేసేవాళ్ళం. కాగితం చదవడం వేరు, ఎదుటి మనిషికి చెప్పడం వేరు అని అప్పటికి మాకు తెలీదు.

పోయిన ఏడాది దసరా సెలవుల తర్వాత మా రూములో నాలుగోవాడికి జ్వరం వచ్చింది. సెలవుల్లో ఊళ్ళో చోడి చేలోనూ, పశువుల గడ్డికీ తిరిగి వచ్చాడు. వచ్చిన నాలుగు రోజులకి తలనొప్పి, ఒళ్ళంతా కాలిపోవడం. మాత్రలు వేసుకున్నాడు, తగ్గినట్టే తగ్గి మళ్ళీ వచ్చింది. మలేరియా పరీక్ష చేయిస్తే లేదన్నారు. సరే, మామూలు జ్వరమే అనుకున్నాం. ఆరో రోజు పొద్దున్న లేపితే లేవలేదు. చేతులూ కాళ్ళూ చల్లగా ఉన్నాయి, మాట ముద్దముద్దగా వస్తోంది. ఆటోలో ఒకచోటికి, అక్కడ్నుంచి 108లో పట్నం ఆసుపత్రికి తీసుకెళ్ళాం. బీపీ చూసి 70 అన్నారు. కింద అంకె అసలు చెప్పలేదు.

అక్కడ చిన్న డాక్టరమ్మ ఒకావిడ వాడి చొక్కా విప్పించి ఒళ్ళంతా వెతికింది. చంకలో నల్లటి పెచ్చు ఒకటి కనిపించింది, సిగరెట్టుతో కాల్చినట్టు. దాన్ని చూసి "స్క్రబ్ టైఫస్ అయ్యుంటుంది" అంది. తుప్పల్లో, గడ్డిలో ఉండే కంటికి ఆనని చిన్న పురుగు కుడితే వస్తుందట. దోమతో రాదు. కుట్టిన చోట నొప్పి ఉండదు కాబట్టి ఎవరూ పట్టించుకోరు. డాక్సీసైక్లిన్ అనే మందు త్వరగా మొదలుపెడితే తగ్గిపోయే జబ్బే. ఆలస్యమైతే మాత్రం ఊపిరితిత్తులు, కిడ్నీలు, బీపీ అన్నీ దెబ్బతింటాయి. మావాడికి అప్పటికే ఆలస్యమైంది. ఆరు రోజులూ పక్క మంచం మీదే ఉన్నాం, చంక చూడాలని మాకెవరికీ తట్టలేదు.

చేతికి పచ్చ రంగు క్యాన్యులా పెట్టి సెలైన్లు ఎక్కించారు. ఒకటి అయింది, రెండు అయ్యాయి, మూడోది కూడా. బీపీ నిలబడలేదు. తెల్లారేసరికి వాళ్ళ నాన్న వచ్చాడు. ఊరి నుంచి రోడ్డుదాకా నడక, అక్కడ్నుంచి జీపు, ఆపైన ఘాటీ దిగే బస్సు. భుజం మీద తువ్వాలు, చేతిలో ఉడికించిన చిలగడదుంపల సంచి. మేం ఆయన్ని మావ అని పిలుస్తాం.

"ఈ పేషెంట్ తాలూకు ఎవరండీ?" అని లోపల్నుంచి పిలుపు వచ్చింది. వెళ్ళాం.

డాక్టరుగారు మాతో తిన్నగానే చెప్పారు. ఆయన్ని తప్పుపట్టడానికి ఏమీ లేదు. "ఎన్ని నీళ్ళు పెట్టినా బీపీ పెరగట్లేదు. నార్‌అడ్రినలిన్ అనే మందు నడపాలి. అది చేతి మీద సన్న నరంలో ఎక్కువసేపు పెడితే, బయటికి కారితే అక్కడి చర్మం, కండ చచ్చిపోతాయి. అందుకని మెడ దగ్గర పెద్ద నరంలో సెంట్రల్ లైన్ వెయ్యాలి. మూడు దారులుండే గొట్టం. రక్తం కారడం, ఊపిరితిత్తికి సూది తగలడం, తర్వాత ఇన్‌ఫెక్షన్ రావడం, ఇలాంటివి అప్పుడప్పుడు జరుగుతాయి. వెయ్యకపోతే ప్రమాదం ఇంకా ఎక్కువ. వాళ్ళ నాన్నగారికి అర్థమయ్యేలా చెప్పి సంతకం పెట్టించండి."

కాగితం పట్టుకుని బయటికి వచ్చాం.

ఇక్కడే ఆగిపోయాం. మావకి తెలుగు సంతలో సరిపడేంత వచ్చు. మిగతాదంతా కువి. మాలో కువి వచ్చినవాడు ఒకటో తరగతి నుంచీ ఆశ్రమ పాఠశాలే. ఇంట్లో మాటలు, పొలం మాటలు, పెళ్ళి మాటలు వాడికి వచ్చు. "సిర", "ధమని", "రక్తపోటు" అనే మాటలు తెలుగులోనే నేర్చుకున్నాడు, తెలుగులోనే మార్కులు తెచ్చుకున్నాడు. కువిలో చెప్పమంటే నోరు పెగల్లేదు. పోనీ తెలుగులో చెప్దామంటే అక్కడా ఒక చిక్కు ఉంది. మామూలు తెలుగులో రక్తం పోయేదీ నరమే, తిమ్మిరెక్కేదీ నరమే. "మెడ నరంలో గొట్టం" అంటే మావకి ఏం వినిపిస్తుందో మాకు తెలుసు. పండక్కి మేకని ఎక్కడ కోస్తారో ఊళ్ళో పిల్లాడికి కూడా తెలుసు. మెడ నరం తెగితే ప్రాణం పోతుంది, అంతే.

మావ వద్దంటాడేమో అని మాకు భయం. లోపల్నుంచి మళ్ళీ పిలుస్తున్నారు. ముగ్గురం మొహమొహాలు చూసుకున్నాం. అప్పుడు మాలో ఒకడు అన్నాడు, మిగతా ఇద్దరం తలూపాం: "చేతికి పెట్టారు కదా మావా, అలాంటి సూదే. కొంచెం పైకి పెడతారట."

మావ మా ముఖాలు చూశాడు. ఇంకేమీ అడక్కుండా వేలిముద్ర వేశాడు.

మేం నమ్మకంగా చెప్పినందుకే వేశాడు. అది మర్చిపోలేకే ఈ పోస్టు రాస్తున్నాం.

మధ్యాహ్నం చూడ్డానికి లోపలికి పంపించారు. రోజుకి రెండుసార్లు, పది నిమిషాలే. వాడి మెడకి కుడివైపు గొట్టం ఉంది. దారంతో చర్మానికి కుట్టేశారు. పైన అద్దంలాంటి ప్లాస్టరు, లోపలున్నదంతా కనిపిస్తోంది. గొట్టానికి మూడు తోకలు, వాటి చివర్లు ఒకటి గోధుమరంగు, ఒకటి నీలం, ఒకటి తెలుపు. ఒక్కో తోకకి ఒక్కో క్లిప్పు. మావ చూశాడు. ఒక్క మాట మాట్లాడలేదు. బయటికొచ్చి గోడకి ఆనుకుని కూర్చున్నాడు. వరండాలో వేరే పేషెంట్ తాలూకు మనిషెవరో "మెడలో పెట్టారంటే ఇంక ఆశ లేనట్టే" అన్నాడని తర్వాత తెలిసింది.

సాయంత్రం లోపలికెళ్ళినప్పుడు మావ తిన్నగా మంచం దగ్గరికి పోయి ఆ గొట్టాన్ని పట్టుకున్నాడు. తీసేద్దామనే. కువిలో అంటున్నాడు: "ఇంటికి తీసుకుపోతాను. పోతే ఇంటి దగ్గరే పోతాడు."

మేం కదిలేలోపే సిస్టర్ ఒకావిడ ఆయన చెయ్యి పట్టుకుంది. అరవలేదు. గట్టిగా పట్టుకుని, మెల్లగా వేళ్ళు విడదీసింది. ఆయన్ని పక్కకి తీసుకెళ్ళి కూర్చోబెట్టి, మమ్మల్ని అడిగింది.

"ఈయనకి ఎవరు చెప్పారు?"

"మేమే సిస్టర్."

"ఏం చెప్పారు?"

మేం తలలు దించుకున్నాం.

ఆవిడ ఏజెన్సీలో పీహెచ్‌సీలో కొన్నేళ్ళు పనిచేసి వచ్చిందట. మా మౌనాన్ని బట్టే సంగతి పట్టేసింది. డ్యూటీ మారేముందు బయటికి వచ్చింది. చేతిలో గడువు తీరిపోయిన సెట్టు ఒకటి ఉంది. కొత్తగా చేరిన నర్సులకి చూపించడానికి దాచుకున్నదట. "నేను తెలుగులో చెప్తాను, మీరు ఆయన భాషలో చెప్పండి. ఒక్క ముక్క కూడా తగ్గించొద్దు" అంది.

ఆ అరగంటలో మేం నేర్చుకున్నది ఇక్కడ వరసగా రాస్తున్నాం. మనోళ్ళలో ఎవరికైనా ఎప్పుడైనా పనికొస్తుంది.

గొట్టం చూస్తే ఏమంత లావు లేదు. లావుని ఫ్రెంచ్ అనే కొలతలో చెప్తారట. పెద్దవాళ్ళకి మామూలుగా వేసేది 7 ఫ్రెంచ్. మూడు ఫ్రెంచ్‌లు ఒక మిల్లీమీటరు, అంటే లావు రెండు మిల్లీమీటర్లకి కొంచెం ఎక్కువ. లోపలికి పోయే పొడవు సుమారు జానెడు. మెడలో నరంలోంచి దిగి, గుండెకి కొంచెం పైన ఉండే పెద్ద సిరలో దాని కొస ఆగుతుంది. గుండెలోకి కాదు. కొస సరైన చోట ఉందా, ఊపిరితిత్తికి దెబ్బ తగిలిందా అని చూడ్డానికే వేసిన తర్వాత ఛాతీ ఎక్స్‌రే తీస్తారు.

మావ గొట్టాన్ని చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పాడు. వాళ్ళ ఊళ్ళో కొండ ఊట నుంచి నీళ్ళు దించడానికి పైపులు వేసినప్పుడు పనిచేసిన మనిషి. ఆయన అడిగిన మొదటి ప్రశ్న మాకెవరికీ తట్టనిది.

"ఒక పైపుకి మూడు కుళాయిలు పెడితే మూడింట్లోనూ అదే నీరు వస్తుంది. మూడు మందులు ఇందులో పోస్తే లోపల కలిసిపోవా?"

మేం ఆ ప్రశ్న తెలుగులో చెప్పగానే సిస్టర్ ముఖం వెలిగింది. "అదే అసలు సంగతి" అని ఒక సిరంజిలో నీళ్ళు తీసుకుంది. గోధుమరంగు తోకలోంచి నెట్టింది. గొట్టం కొసలోంచి నీళ్ళు వచ్చాయి. నీలం తోకలోంచి నెట్టింది. కొసలోంచి రాలేదు, కొంచెం వెనక పక్కన ఉన్న చిన్న కన్నంలోంచి వచ్చాయి. తెల్ల తోకలోంచి నెట్టింది. ఇంకా వెనకనున్న ఇంకో కన్నంలోంచి వచ్చాయి. బయటికి ఒకటే గొట్టం, లోపల మాత్రం మూడు దారులు, మధ్యలో గోడలు. మందులు గొట్టంలో ఎక్కడా ఒకదాన్నొకటి తాకవు. బయటికొచ్చే చోట్లు కూడా వేరువేరు. అక్కడ పెద్ద సిరలో రక్తం జోరుగా పారుతుంటుంది కాబట్టి వచ్చిన మందు వచ్చినట్టే పల్చబడి కొట్టుకుపోతుంది. పెద్దవాళ్ళ గుండె ఊరకే కూర్చున్నప్పుడు కూడా నిమిషానికి దాదాపు 5 లీటర్ల రక్తాన్ని తోస్తుందట.

మావ సిరంజి తీసుకుని తనే మూడుసార్లు నెట్టి చూశాడు. తర్వాత "మూడు సన్న వెదుళ్ళని పక్కపక్కన పెట్టి ఒకే తోలు తొడిగినట్టు" అన్నాడు. మేం ఎంత ఆలోచించినా అంత బాగా చెప్పలేకపోయేవాళ్ళం.

మూడు దారులు ఎందుకో కూడా సిస్టర్ చెప్పింది. కొన్ని మందులకి ఒకదానితో ఒకటి పడదు. సెఫ్ట్రియాక్సోన్ అనే యాంటీబయాటిక్, కాల్షియం ఒకే దారిలో కలిస్తే తెల్లటి రేణువులు కడతాయి. అవి రక్తంలోకి పోతే ప్రమాదం. బీపీ మందుది ఇంకో గొడవ. అది గంటకి కొన్ని మిల్లీలీటర్లే, సిరంజి పంపు మీద చుక్కచుక్కగా పోతుంటుంది. అదే దారిలో ఇంకో మందు గట్టిగా నెడితే, దారిలో ఉన్న బీపీ మందు అంతా ఒక్కసారి లోపలికి పోయి బీపీ ఎగిరిపోతుంది. కాసేపు ఆగిపోతే పడిపోతుంది. అందుకని దానికి ఒక దారి పూర్తిగా వదిలేస్తారు, దాన్ని ఇంకెవరూ వాడరు. మావాడి మంచం దగ్గర నీలం దారి దానిది. గోధుమరంగు దారిలో సెలైన్. తెల్ల దారిలో వేళకి యాంటీబయాటిక్‌లు, మధ్యలో దారి మూసుకుపోకుండా సెలైన్‌తో కడగడం.

"మరి నేను లాగేసుంటే?" అని మావ అడిగాడు.

సిస్టర్ మావైపు చూసింది. తగ్గించొద్దు అన్న మాట గుర్తుచేస్తున్నట్టు. మేం చెప్పాం. బీపీ మందు ఆ క్షణమే ఆగిపోతుంది. మెడ నుంచి రక్తం కారుతుంది. అన్నిటికంటే చెడ్డది, తెరిచి ఉన్న కన్నంలోంచి గాలి లోపలికి పోవచ్చు. మనం ఊపిరి పీల్చినప్పుడు ఛాతీలో పీల్పు పుడుతుంది, ఆ పీల్పుకి గాలి పెద్ద సిరలోకి దూరి గుండెకి చేరితే మనిషి అక్కడికక్కడే పోవచ్చు. తోక మూత తీసి క్లిప్పు వదిలేసినా అదే ప్రమాదం.

మావ చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత మాతో కువిలో అన్నాడు. సిస్టర్‌కి అర్థం కాలేదు, మేం చెప్పలేదు కూడా.

"నాకెందుకు అబద్ధం చెప్పారు? భయపడతాననా? భయపడితే భయపడతాను. నా కొడుకే కదా. తెలిసి భయపడేవాణ్ణి. మీరు తెలీకుండా భయపెట్టారు."

ఆ రాత్రి వరండాలో ముగ్గురం పడుకోలేదు. డాక్టరు చెప్పిన మూడు ప్రమాదాల్లో ఏదీ మావాడికి జరగలేదు. జరగబోయిన ప్రమాదం మేం తెచ్చిపెట్టింది. సంతకం త్వరగా రావాలని మేం ఒక మాట తగ్గించాం. ఆ తగ్గిన మాటే సాయంత్రానికి ఆయన చెయ్యి గొట్టం దాకా తీసుకెళ్ళింది.

తర్వాత రోజులు వేరేగా గడిచాయి. మావ ఆ గొట్టానికి కాపలాదారు అయ్యాడు. ఊరి నుంచి వచ్చిన చుట్టం ఒకాయన ప్రేమకొద్దీ వాడి మెడ నిమరబోతే దూరం నుంచే గద్దించాడు. నర్సులు ప్రతిసారి మందు ఎక్కించేముందు తోక మూతిని స్పిరిట్ దూదితో రుద్దడం చూసి, అది ఎందుకని అడిగించాడు. ఆ మూతి మీద క్రిములుంటే తిన్నగా గుండె దగ్గరికే పోతాయని సిస్టర్ చెప్పింది. దారులు ఎన్ని ఎక్కువుంటే ముట్టుకునే చోట్లు అన్ని ఎక్కువ, ఇన్‌ఫెక్షన్‌కి అవకాశమూ అంత ఎక్కువ. అందుకే అవసరమైనన్ని దారులే వాడాలి, అవసరం తీరిన రోజే తీసేయాలి. అప్పట్నుంచి మావ పొద్దున్నే అడిగే ప్రశ్న ఒకటే: "ఈరోజు తీసేస్తారా?" మొదట్లో మాకు మొహమాటంగా ఉండేది, మళ్ళీ ఇంటికి తీసుకుపోతాననే అడుగుతున్నాడేమో అని. సిస్టర్ మాత్రం "రోజూ అడగాల్సిన ప్రశ్నే అది" అంది.

ఆ మాట నిజమేనని తర్వాత కాలేజీ లైబ్రరీ కంప్యూటర్లో చదివితే తెలిసింది. అమెరికాలో మిషిగన్ రాష్ట్రంలో పీటర్ ప్రొనోవోస్ట్ అనే డాక్టరు, ఆయన తోటివాళ్ళు నూరుకి పైగా ఐసీయూల్లో ఐదు పనులు కచ్చితంగా చేయించారు: చేతులు కడుక్కోవడం, గొట్టం వేసేటప్పుడు పూర్తిగా శుభ్రమైన గుడ్డలు కప్పడం, క్లోర్‌హెక్సిడిన్‌తో చర్మం తుడవడం, వీలైనంతవరకు తొడలో వెయ్యకపోవడం, అవసరం లేని గొట్టం తీసేయడం. ఈ గొట్టాల వల్ల వచ్చే రక్తపు ఇన్‌ఫెక్షన్లు బాగా తగ్గిపోయాయని 2006లో ప్రచురించారు. ఆ ఐదులో ఒకటి మావ రోజూ అడిగిన ప్రశ్నే.

మాకు కూడా ఒక ప్రశ్న ఉండేది. ఇంత పెద్ద సిరలో ఇంత మంచి గొట్టం ఉండగా, సెలైన్ అర్జెంటుగా ఎక్కించాల్సినప్పుడు మళ్ళీ చేతి క్యాన్యులాలోంచే ఎందుకు ఎక్కించారు? చిన్న డాక్టరమ్మ నవ్వి "మీరు సైన్సు వాళ్ళే కదా, పాయిజలీ సూత్రం చదవలేదా?" అంది. చదివాం. గొట్టంలో పారే ద్రవం వ్యాసార్ధానికి నాలుగో ఘాతంలో పెరుగుతుంది, పొడవు పెరిగితే తగ్గుతుంది. పరీక్షలో ఎనిమిది మార్కులకి రాసిన సూత్రమే. దారి వ్యాసార్ధం సగమైతే పారుదల పదహారో వంతుకి పడిపోతుంది. మెడ గొట్టం పొడుగు, పైగా రెండు మిల్లీమీటర్ల లావుని మూడు దారులు పంచుకోవాలి. చేతి క్యాన్యులా పొట్టిది, దాని దారంతా ఒక్కదానిదే. తొందరగా నీళ్ళు ఎక్కించడానికి లావుపాటి పొట్టి క్యాన్యులాయే మేలు. ఘాటైన మందులకి, ఒకదానితో ఒకటి కలవకూడని మందులకి మెడ గొట్టం. ఆ పాయిజలీ కూడా డాక్టరేనట, రక్తం సన్న నాళాల్లో ఎలా పారుతుందో తెలుసుకోవడానికే ఆ లెక్కలు చేశాడట. మా లెక్చరర్ అది చెప్పలేదు, మేమూ అడగలేదు.

ఇంకో సంగతి కూడా చదివాం. గుండె దాకా గొట్టం పంపొచ్చని మొదట చూపించినవాళ్ళలో వెర్నర్ ఫోర్స్‌మన్ అనే జర్మన్ కుర్ర డాక్టరు ఒకడు. 1929లో ఎబెర్స్‌వాల్డే అనే చిన్న ఊళ్ళో ఆసుపత్రిలో తన చేతి సిరలోంచి గొట్టం దూర్చుకుని, అలాగే మెట్లు దిగి ఎక్స్‌రే గదికి నడిచి వెళ్ళి, అది గుండెలో ఉందని చూపించాడు. గుండెకి మందు త్వరగా అందించే దారి ఉంటుందా అని ఆయన ఆలోచన. పైవాళ్ళు వద్దన్నారు. సామాన్లు గెర్డా డిట్‌సెన్ అనే నర్సు దగ్గర ఉండేవి. తన మీదే ప్రయోగం చెయ్యమని ఆవిడ ఒప్పుకుంటే, సరేనని ఆవిడని బల్లకి కట్టేసి, పక్కనే తన చేతికి తను చేసుకున్నాడు. 1956లో ఇంకో ఇద్దరితో కలిపి ఆయనకి నోబెల్ వచ్చింది. అందరూ ఆయన ధైర్యం గురించే రాస్తారు. మాకు మాత్రం బల్లకి కట్టేసిన ఆ నర్సు దగ్గరే ఆగిపోవాలనిపించింది. ఆవిడ భయపడకుండా ఒప్పుకుంది. అయినా ఆవిడకి నిజం చెప్పలేదు.

మూడో రోజుకి బీపీ మందు తగ్గించడం మొదలుపెట్టారు. ఐదో రోజు పూర్తిగా ఆపేశారు. ఆరో రోజు పొద్దున్న మావ అడగకముందే సిస్టర్ బయటికొచ్చి "ఈరోజు తీసేస్తున్నాం, ఆయనకి చెప్పండి" అంది. తీసేది ఎలాగో అడిగి, మొత్తం చెప్పాం. తలగడ తీసేసి పడుకోబెడతారు, తల కొంచెం కిందికి దించుతారు, ఊపిరి బిగబట్టమంటారు, అప్పుడు లాగి, రక్తం ఆగేదాకా వేలితో అదిమి పట్టుకుని, గాలి పోకుండా ప్లాస్టరు వేస్తారు. మావ విని, "చెప్పారు కదా, ఇంక చాలు" అన్నాడు. తీసిన తర్వాత వాడు మమ్మల్ని చూసి మొదట అడిగింది చిలగడదుంపలు ఏమయ్యాయని. అవి ఎప్పుడో తినేశాం.

ఇప్పుడు వాడు హాస్టల్లోనే ఉన్నాడు. మెడ మీద చిన్న మచ్చ ఉంది, అంతే.

మేం డాక్టర్లం కాదు, నర్సులం కాదు. కానీ మన ఊళ్ళ నుంచి ఎవరు ఆసుపత్రికి వచ్చినా ముందు మనకే ఫోన్ వస్తుంది. అందుకని మేం తెలుసుకున్నవి కొన్ని మీకూ చెప్తున్నాం.

1. కాగితం మీద ఉన్న ప్రమాదాలు అన్నీ చెప్పండి. చెయ్యకపోతే వచ్చే ప్రమాదం కూడా చెప్పండి. సగం చెప్పి సంతకం పెట్టించొద్దు.

2. "నరం" అని ఊరుకోకండి. రక్తం గుండె వైపు పోయే దారి అని చెప్పండి. కోసేది లేదని, సూదితో దారి చేసి గొట్టం జార్చుతారని, ముందు మత్తు సూది ఇస్తారని చెప్పండి.

3. మీకు అర్థం కాకపోతే "మాకు అర్థం కాలేదు, మళ్ళీ చెప్పండి" అనండి. కాలేజీలో చదువుతున్నాం కదా, అడిగితే చులకనైపోతామేమో అనుకోకండి. మేం అలాగే అనుకున్నాం.

4. క్లిప్పులు, మూతలు ముట్టుకోవద్దు. పంపు మోగితే ఆపొద్దు, సిస్టర్‌ని పిలవండి. ప్లాస్టరు ఊడినా, రక్తం కనిపించినా, మళ్ళీ చలిజ్వరం వచ్చినా వెంటనే చెప్పండి.

5. గొట్టం ఇంకా అవసరమేనా అని రోజూ అడగండి.

6. జ్వరం వచ్చినవాళ్ళ చంకలు, గజ్జలు, నడుం చుట్టూ నల్ల పెచ్చు ఉందేమో చూడండి. ఉంటే డాక్టరుకి చూపించండి.

చివరగా ఒక పని. మా రూములో ఒక నోట్‌బుక్ పెట్టాం. ఆసుపత్రిలో వినిపించే మాటలు తెలుగులో ఒకవైపు, కువిలో, ఆదివాసీ ఒడియాలో ఇంకోవైపు రాస్తున్నాం. కువి మాటలు మాకు రాకపోతే మావకి ఫోన్ చేసి అడుగుతున్నాం. సిగ్నల్ కోసం ఆయన గట్టెక్కి మాట్లాడతాడు. ఇప్పటికి నలభై మాటలు అయ్యాయి. కొన్నిటికి ఒక్క మాటలో చెప్పడం ఆయనకీ కుదరలేదు, అప్పుడు రెండు వాక్యాల్లో రాసుకున్నాం.

కోయ, గోండి, కొలామి, సవర, గదబ, లంబాడీ మాట్లాడే మిత్రులు ఈ గ్రూపులో చాలామంది ఉన్నారు. మీ ఇంట్లో పెద్దవాళ్ళని అడగండి. రక్తం పోయే దారికీ, తిమ్మిరెక్కే నరానికీ మీ భాషలో వేరువేరు మాటలు ఉన్నాయా? ఉంటే కింద రాయండి. మేం నోట్‌బుక్‌లో ఎక్కిస్తాం.

జోహార్.